పౌరుల చేతికి తుపాకీ ఇచ్చిన రాజ్యం, వాళ్ళు కాలిస్తే తప్పించుకోవచ్చా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

వచ్చే వారం మా లా కాలేజీలో మూట్ కోర్టు, అంటే కల్పిత కేసు మీద వాదన పోటీ. ప్రభుత్వం డబ్బు, ఆయుధాలు ఇచ్చి పెంచిన పౌర సాయుధ దళం ఊళ్ళ మీద పడి జనాన్ని చంపితే, ఆ నేరం ప్రభుత్వానిదే అని నేను వాదించాలి. తేలికేలే అనుకుని మొదలుపెట్టాను. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

1986లో నికరాగ్వా కేసు చూడండి. నికరాగ్వా ప్రభుత్వం మీద తిరగబడ్డ కాంట్రాలకు అమెరికా డబ్బిచ్చింది, శిక్షణ ఇచ్చింది, ఆయుధాలిచ్చింది, ఎక్కడ కొట్టాలో చెప్పడంలోనూ చేయి ఉంది. ఇన్ని ఉన్నా కాంట్రాలు చేసిన హత్యలు అమెరికా ఖాతాలోకి రావని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. ఆ ఫలానా నేరం జరిగిన ఆపరేషన్ మీదే ‘ఎఫెక్టివ్ కంట్రోల్’ ఉన్నట్టు రుజువు కావాలట. తెలివైన ప్రభుత్వం ఏదైనా అలాంటి ఆర్డరు కాగితం మీద పెడుతుందా? ఇది న్యాయమా, లేక ప్రభుత్వాలకు కోర్టే చూపించిన దొడ్డిదారా?

కోట జంక్షన్ వకీలు (విజయనగరం)

అమ్మా, ముందు రెండు కోర్టుల్ని వేరు చేసుకో. క్రిమినల్ కోర్టు బోనులో నిలబెట్టేది మనిషిని. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును (ఐసీసీ) పుట్టించిన రోమ్ ఒప్పందం 25వ అధికరణం మనుషుల గురించే మాట్లాడుతుంది, దేశాల బాధ్యతను ముట్టుకోనని నాలుగో క్లాజులో చెప్పేసింది కూడా. దేశాన్ని నిలదీసేది అంతర్జాతీయ న్యాయస్థానం, అక్కడ శిక్షలుండవు. నీ ప్రశ్నలో ఆ రెండూ కలిసిపోయాయి. మూట్ కోర్టు జడ్జి మొదట పట్టుకునేది అదే.

ఇక నికరాగ్వా కేసులో అమెరికా చేతులు దులుపుకుని పోలేదు. రేవుల్లో మందుపాతరలు పెట్టినందుకు, కాంట్రాలను పోషించి పొరుగుదేశంలో వేలుపెట్టినందుకు దాన్నే తప్పుపట్టారు. కాంట్రా చేసిన ప్రతి హత్యా అమెరికా చేసినట్టే అని మాత్రం అనలేదు. ఆ గీత చెరిపేస్తే, ఆయుధాలమ్మిన ప్రతి దేశం హంతకే అవుతుంది. అప్పుడు నిజంగా చంపించినవాడికీ అమ్మినవాడికీ తేడా ఏముంటుంది?

పలాస మాస్టారు

వకీలు గారూ, గీతలు మీకు బాగానే కనిపిస్తాయి. మాకు లేవిడి కనిపిస్తుంది. 1967 అక్టోబర్ 31. మొండెంఖల్లో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్ళ మీద దారిలో భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పట్లో పార్వతీపురం ఏజెన్సీ కూడా శ్రీకాకుళం జిల్లానే. కాల్చింది పోలీసులు కాదు, నిజమే. కేసు కోర్టుకెళ్ళి చివరికి నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత ఈ కొండల్లో గిరిజనుల సాయుధ పోరాటం ఎలా రగిలిందో ఈ జిల్లాల్లో పెద్దవాళ్ళెవరినడిగినా చెబుతారు.

అక్కడ ప్రభుత్వం ఆర్డరిచ్చిందని నేననను. కట్టు విప్పి ఆబోతును ఊరి పంట మీదికి వదిలినవాడిని ‘నువ్వు ఏ మడి తొక్కమన్నావు?’ అని మాత్రం ఎవరూ అడగరు.

నాగావళి గట్టు

వకీలు గారూ, రెండు కోర్టుల సంగతి ఒప్పుకుంటున్నాను, నా నోట్సు దాని ప్రకారమే మార్చేశాను. కానీ అలాంటి క్రిమినల్ కోర్టే ఒకటి మీ గీతను చెరిపింది కదా! దుస్కో టాడిచ్ కేసు, 1999. బోస్నియాలో ఖైదీల మీద జరిగిన ఘోరాల్లో పాల్గొన్న మనిషి. అది అంతర్జాతీయ యుద్ధమా కాదా అని తేల్చాలంటే బోస్నియన్ సెర్బు సైన్యం వెనక ఎవరున్నారో చూడాలి. యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం ఐక్యరాజ్య సమితి పెట్టిన ట్రిబ్యునల్ అప్పీలు బెంచి నికరాగ్వా కొలత పనికిరాదంది. సైన్యంలా కట్టుదిట్టంగా ఉన్న దళమైతే, డబ్బూ సామగ్రీ ఇవ్వడంతో పాటు దాని సైనిక చర్యల ప్లానింగులోనో నడిపించడంలోనో రాజ్యానికి పాత్ర ఉంటే చాలు, ప్రతి నేరానికీ విడివిడిగా ఆర్డరు చూపక్కర్లేదు. ‘ఓవరాల్ కంట్రోల్’ అన్నారు. నేను నిలబడేది దీని మీదే.

కోట జంక్షన్ వకీలు

నిలబడితే పడతావమ్మా. అదే బెంచి, అలాంటి కట్టు లేని గుంపుకు గానీ ఒంటరి మనిషికి గానీ ఆ సడలింపు లేదంది. వాళ్ళ విషయంలో ఫలానా పని చెయ్యమన్న ఆదేశమో, చేశాక రాజ్యం బాహాటంగా సమర్థించడమో ఉండాలి. నీ ‘పౌర దళం’ ఏ రకమో ముందు తేల్చుకో.

2007లో బోస్నియా, సెర్బియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం టాడిచ్ కొలతను పక్కన పెట్టింది. యుద్ధం ఏ రకమో తేల్చడానికి వాడుకోండి, దేశం బాధ్యతకు మాత్రం వద్దంది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియన్ సెర్బు సైన్యం వేల మంది మగవాళ్ళనూ కుర్రాళ్ళనూ చంపిన జాతిహత్య సెర్బియా చేసినట్టు కాదని తీర్పు. కానీ తర్వాతి పేజీలు చదవకుండా వదిలేస్తారు అందరూ. ఆపగలిగిన పలుకుబడి ఉండి ఆపే ప్రయత్నం చెయ్యలేదు కాబట్టి, జాతిహత్యను నివారించే బాధ్యతను సెర్బియా ఉల్లంఘించిందన్నారు. నీ కేసు ఇక్కడుంది. ‘వాళ్ళు నా మనుషులు కారు’ అని తప్పించుకున్న ప్రభుత్వం ‘నేను ఆపలేకపోయాను’ అనడం చాలా కష్టం. 2024 జులై 19న పాలస్తీనా భూభాగాల మీద ఇచ్చిన సలహా అభిప్రాయంలోనూ ఇదే దారి. సెటిలర్ల దాడుల్ని ఆపకపోవడం, శిక్షించకపోవడం ఇజ్రాయెల్ వైఫల్యమని చెప్పింది.

పలాస మాస్టారు

2007లో సెర్బియా ఎంత కట్టింది?

కోట జంక్షన్ వకీలు

పరిహారం వెయ్యలేదు మాస్టారూ. తీర్పే ఉపశమనం అన్నారు.

పలాస మాస్టారు

అదీ సంగతి. సూడాన్‌లోని డార్ఫర్‌లో చూడండి. అక్కడి ప్రభుత్వం అండతో ఊళ్ళ మీద పడ్డ జంజావీద్ మూకల నాయకుడు అలీ కుషైబ్‌ను 2025 అక్టోబర్లో ఐసీసీ దోషిగా తేల్చింది. సంతోషం. ఆ మూకలు పెరిగిన కాలంలో దేశాన్నేలిన బషీర్ మీద వారంటు 2009 నాటిది, ఆయన ఇంతవరకూ ఐసీసీ ఉన్న హేగ్ గుమ్మం తొక్కలేదు. కత్తి పట్టినవాడు దొరుకుతాడు, కత్తి ఇచ్చినవాడు ఇంట్లో ఉంటాడు.

నాగావళి గట్టు

మాస్టారూ, ఇచ్చినవాడు కూడా ఒక్కోసారి దొరికాడు. 2013లోనే రెండు కేసులున్నాయి. ఫిబ్రవరిలో యుగోస్లావియా సైన్యాధిపతి పెరిషిచ్‌ను అప్పీలులో వదిలేశారు. బోస్నియన్ సెర్బు సైన్యానికి సాయం పంపితే చాలదు, అది నేరానికే ఉద్దేశించి పంపినట్టు ఉండాలన్నారు. సెప్టెంబర్లో సియెరా లియోన్ ప్రత్యేక కోర్టు ఆ షరతే అక్కర్లేదని, అక్కడి తిరుగుబాటుదారులకు సాయపడ్డ లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 50 ఏళ్ళ శిక్ష ఖాయం చేసింది. ఒకే ఏడాది, రెండు కోర్టులు, ఎదురెదురు మాటలు. మరుసటి ఏడాది యుగోస్లావియా ట్రిబ్యునలే పెరిషిచ్ షరతును తోసిపుచ్చింది. సెర్బియా గూఢచారి విభాగంలో పారామిలిటరీల్ని పోషించిన స్టానిషిచ్, సిమటోవిచ్‌లదైతే ఇంకా చిత్రం. 2013లో నిర్దోషులు, మళ్ళీ విచారణ, 2023లో చెరో 15 ఏళ్ళు.

సాలూరు ఘాట్

అందరూ హేగ్ చుట్టూ తిరుగుతున్నారు. మన దేశం రోమ్ ఒప్పందంలో లేదు. జాతిహత్య ఒప్పందంలో ఉన్నా, మన సమ్మతి లేకుండా కేసు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళకూడదని ముందే షరతు పెట్టుకున్నాం. ఇక్కడ పలికేది మన కోర్టే. సల్వాజుడుం గుర్తుందా? మావోయిస్టుల మీదికి ఛత్తీస్‌గఢ్‌లో నడిపిన పౌర దళం, 2005లో దంతెవాడలో మొదలైంది. ప్రజా ఉద్యమం అన్నారు. గిరిజన కుర్రాళ్ళని నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం మీద స్పెషల్ పోలీసాఫీసర్లుగా (ఎస్పీఓ) తీసుకుని తుపాకులిచ్చారు, అయిదో తరగతి చదివినా చాలు. 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ బెంచి అది రాజ్యాంగం 14, 21 అధికరణాలకు విరుద్ధమంది, ఆయుధాలు వెనక్కి తీసుకోమంది. కంట్రోల్ ఎంత, ఆర్డరెవరిది అన్న గొడవలోకి వెళ్ళక్కర్లేకుండానే పనైపోయింది.

కోట జంక్షన్ వకీలు

వెళ్ళక్కర్లేదు ఎందుకంటే ఎస్పీఓలు చట్టప్రకారం నియమితులు. జీతమిచ్చి పోలీసుగా పెట్టుకున్నవాడు రాజ్యపు అంగమే. దేశాల బాధ్యత మీద 2001 నాటి అంతర్జాతీయ లా కమిషన్ నిబంధనల్లో, అంగం చేసింది రాజ్యం చేసినట్టే అనే నాలుగోది చాలు. హద్దు మీరి చేసినా ఏడోది వర్తిస్తుంది. వాళ్ళ పక్కన కర్ర పట్టుకుని నడిచిన మామూలు జుడుం మనిషి సంగతే కష్టం.

సాలూరు ఘాట్

తీర్పు తర్వాత ఆ ఎస్పీఓల్నే కొత్త చట్టం చేసి సహాయక సాయుధ పోలీసు బలగంలోకి తీసుకున్నారు కదండీ. తీర్పును దాటడానికి యూనిఫాం వేశారు. మీ లెక్క ప్రకారం ఆ రోజు నుంచి వాళ్ళు చేసిందంతా ప్రభుత్వం చేసినట్టే, ఎఫెక్టివ్ కంట్రోల్ రుజువు చెయ్యక్కర్లేదు. అవునా కాదా?

కోట జంక్షన్ వకీలు

డ్యూటీలో చేసిందైతే అవును.

నాగావళి గట్టు

నా మూట్ కోర్టు కేసులో దళానికి జిల్లా అధికారి గుర్తింపు కార్డులిచ్చినట్టు మూడో పేరాలో ఉంది! ఇంతసేపూ దాన్ని దాటేసి చదివాను. వకీలు గారూ, కార్డు నియామకం కిందికి వస్తుందా?