బరువు తగ్గే ఆపరేషన్ ఎనిమిది వారాలు వాయిదా పడింది. ఈలోగా అక్కని ఎలా సిద్ధం చేయాలి?

లంకగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ. మా అక్కకి 44 ఏళ్లు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. షుగరు, బీపీ ఉన్నాయి. రాత్రి గురక బాగా ఎక్కువ. స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసేది) చేద్దామన్నారు. పరీక్షలయ్యాక మూడు నెలల షుగరు 9.4 ఉందని, ఎండోస్కోపీలో హెచ్ పైలోరీ క్రిమి కనపడిందని ఎనిమిది వారాలు వాయిదా వేశారు.

వాడుతున్న మందులు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్, మోకాళ్ల నొప్పి వచ్చినప్పుడు డైక్లోఫెనాక్.

అక్కకి ఓపిక పోయింది. వేరే చోట వచ్చే వారమే చేస్తామన్నారని అక్కడికి వెళ్దామంటోంది. లివరు తగ్గాలన్నారు కదా అని ఇంట్లో మూడు రోజులుగా రాగిజావ, బార్లీ, కొబ్బరినీళ్ల మీదే ఉంచాం. ఇది సరైన పద్ధతేనా? ఈ ఎనిమిది వారాలు ఏం చేయమంటారు?

పెసరకట్టు:

ముందు ఆ జావ పథ్యం ఆపించండి, ఈ రోజే. రెండు కారణాలున్నాయి.

మొదటిది మందులు. గ్లిమెపిరైడ్ తిండితో సంబంధం లేకుండా షుగరు దించుతూనే ఉంటుంది. తిండి సగానికి పడిపోయి మాత్ర అంతే వేసుకుంటే షుగరు 70 కంటే కిందికి జారుతుంది. చెమటలు, వణుకు, మతి తప్పినట్టు మాట్లాడటం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టి, పావుగంట తరవాత మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ ప్రమాదం వేరు. పిండి పదార్థం బాగా తగ్గించినా, ఉపవాసం ఉన్నా, ఆ మాత్ర వేసుకునేవాళ్లకి రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోవచ్చు. ఆ సమయంలో గ్లూకోమీటరు 150, 180 అని మామూలుగానే చూపిస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తుంటే "షుగరు బాగానే ఉంది కదా" అని ఊరుకోకూడదు, కీటోన్ల పరీక్ష అడగాలి. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపిస్తారు. తక్కువ కేలరీల పథ్యం మొదలుపెట్టే రోజున ఏ మాత్ర ఎంత తగ్గించాలో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు మార్చొద్దు.

రెండోది, జావ పల్చగా ఉన్నంత మాత్రాన లివరు తగ్గదు. రాగి, బార్లీ రెండూ పిండే. కొబ్బరినీళ్లలో ఉండేది చక్కెరే. లివరు ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని కప్పుకుని ఉంటుంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం కోసి తీసేయాలి కాబట్టి ఆ లివరుని పైకెత్తి పట్టుకోక తప్పదు. కొవ్వు పట్టిన లివరు ఉబ్బి, బరువెక్కి ఉంటుంది, ఎత్తబోతే చిట్లి రక్తం కారుతుంది. కింద ఏముందో కనపడకపోతే పొట్ట పెద్దగా కోయాల్సి రావచ్చు, లేదా ఆపరేషన్ అక్కడితో ఆపేయాల్సి రావచ్చు. లివరులో దాచుకున్న ఒక్కో గ్రాము చక్కెర మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. పిండి, తీపి తగ్గితే ముందు ఆ నిల్వ, దానితో నీరు పోతాయి, ఆ వెనక కొవ్వు కరుగుతుంది. రోజుకి నాలుగు గ్లాసుల జావ తాగితే ఆ నిల్వ ఎప్పటికప్పుడు నిండుతూనే ఉంటుంది.

ఈ గట్టి పథ్యం సాధారణంగా ఆపరేషన్ ముందు రెండు వారాలే, రోజుకి 800 నుంచి 1200 కేలరీలు. బరువు మరీ ఎక్కువైతే మూడు నాలుగు వారాలు చెబుతారు. ఎనిమిది వారాలూ లాగితే కండ కరిగిపోతుంది, నీరసంతో ఆపరేషన్‌కి వెళ్లాల్సి వస్తుంది.

మన ఇళ్లలో కుదిరే లెక్క ఒకటి చెబుతాను. పొద్దున ఉడకబెట్టిన గుడ్లు రెండు, వెన్న తీసిన పాలు 200 మి.లీ. మధ్యాహ్నం శుభ్రం చేశాక 150 గ్రాములు తూగిన చేప ముక్కలు (కొరమీను, శీలావతి, బొచ్చె ఏదైనా సరే), బీరకాయో సొరకాయో తోటకూరో ఒక పెద్ద గిన్నెడు, వండిన అన్నం 100 గ్రాములు, పెరుగు 150 గ్రాములు. సాయంత్రం వే ప్రోటీన్ ఒక స్కూపు నీళ్లలో. రాత్రి 30 గ్రాముల పెసరపప్పుతో పల్చటి పప్పు, మళ్లీ కూర. రోజంతటికీ నూనె రెండు టీస్పూన్లు. ఇది సుమారు 1000 కేలరీలు, 80 గ్రాముల ప్రోటీన్ అవుతుంది. మూత్రపిండాల పరీక్ష తేడాగా ఉంటే ప్రోటీన్ ఎంతో డైటీషియన్ చెప్పాలి.

ఈ లెక్క తప్పేది పులుసు దగ్గరే. మన చేపల పులుసులో నూనె పైకి తేలితేనే రుచి అంటాం. ఆ తేలిన నూనె ఒక్క గరిటె పడితే ఒక పూట లెక్క పోయినట్టే. అక్క ముక్కలు విడిగా, కొలిచిన నూనెతో వండండి. బెల్లం వేయొద్దు.

మూడో రోజుకి తలనొప్పి, కళ్లు తిరగడం మామూలే. చారు గానీ, పల్చటి మజ్జిగలో చిటికెడు ఉప్పు గానీ ఇవ్వండి. నీరు, ఉప్పు పోవడంతో బీపీ కూడా దిగుతుంది. టెల్మిసార్టాన్ అదే డోసులో ఉంటే లేచి నిలబడగానే తూలుతారు. ఇంట్లో బీపీ మిషను ఉంటే కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చూసి రాసిపెట్టండి. మలబద్ధకానికి నీళ్లు రెండు లీటర్లు తగ్గకుండా, పైన ఇసబ్‌గోల్ ఒక చెంచా.

మూడుబంతులు:

వాయిదా గురించి నేను చెబుతాను. ఎనిమిది వారాలు ఊరికే పెట్టింది కాదండి, లెక్క కట్టి పెట్టింది. హెచ్ పైలోరీకి మందులు సాధారణంగా 14 రోజులు. క్రిమి పోయిందో లేదో చూడటానికి యాంటీబయాటిక్స్ ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఆరు వారాలు అక్కడే అయిపోయాయి. ఆ తిరిగి చేసే పరీక్షకి రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్రలు (పాంటోప్రజోల్ లాంటివి) ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. శ్వాస పరీక్ష గానీ, మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇందుకు పనికిరాదు, క్రిమి చచ్చాక కూడా అది చాలాకాలం పాజిటివ్‌గానే వస్తుంది.

మూడు నెలల షుగరూ అంతే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాత కణాలు పోయి కొత్తవి వస్తే గానీ అంకె దిగదు. పది రోజులకోసారి ఆ పరీక్ష చేయించి "ఇంకా తగ్గలేదు" అని దిగులుపడటం దండగ. ఈలోపు పరగడుపున, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరు చూసుకోండి. అది దిగుతుంటే ఇదీ దిగుతుంది. చాలాచోట్ల 8 లోపుకి తెచ్చుకుని రమ్మంటారు, ఎందుకంటే షుగరు ఎక్కువుంటే కుట్లు మానవు, చీము పడుతుంది. వచ్చే వారమే చేస్తామన్నవాళ్లని ఒక్కటే అడగండి: 9.4 షుగరుతో, క్రిమికి మందు వాడకుండా ఎలా చేస్తారు? గురకకి పరీక్ష ఎప్పుడు? జవాబు సూటిగా రాకపోతే వెళ్లొద్దు.

గురక విషయం తేలిగ్గా తీసుకోకండి. నిద్రలో ఊపిరి ఆగుతోందా అని రాత్రి పక్కన పడుకున్నవాళ్లు గమనించి డాక్టరుకి చెప్పాలి. స్లీప్ స్టడీలో తేలితే సీపాప్ మిషను (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) ఇస్తారు. ఆపరేషన్ ముందు కొన్ని వారాలు వాడితేనే ఫలితం. మాస్కు వదులైతే గాలి కళ్లలోకి కొడుతుంది, మరీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది. పడుకుని ఉన్నప్పుడు మాస్కు సరిచూసుకోవాలి, కూర్చుని కాదు. మన వైపు కరెంటు పోతుంటుంది కాబట్టి మిషనుని ఇన్వర్టరు లైనుకి కలపండి.

మూడు బంతుల ఊపిరి పరికరం ఇప్పుడే కొనుక్కోండి. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, గొట్టం నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పీల్చాలి. మూడు బంతులూ ఒక్క కుదుపుతో ఎగరేయడం కంటే ఒకటో రెండో బంతులు మూడు సెకన్లు పైన నిలబెట్టడం మేలు. పూటకి పదిసార్లు, రోజుకి నాలుగు పూటలు. ఆపరేషన్ అయ్యాక నొప్పితో కొత్తగా నేర్చుకోవడం కష్టం.

డైక్లోఫెనాక్ మానేయాలి. జీర్ణాశయంలో పుండ్లు చేస్తుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే మూత్రపిండాల మీద భారం. పారాసెటమాల్‌తో సరిపెట్టవచ్చేమో అడగండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి సుమారు నెల ముందే ఆపిస్తారు. నాటు మందులు, ఆకు పసర్లు ఏవైనా ఉంటే దాచొద్దు. ఎండోస్కోపీ రిపోర్టులో హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం), గుండెమంట తాలూకు పుండ్లు రాసి ఉంటే స్లీవ్ మంచిదా, బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మంచిదా అని అడగండి. స్లీవ్ తరవాత గుండెమంట పెరిగేవాళ్లున్నారు.

లంకగట్టు:

జావ ఆపేశామండి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే మందుల డోసులు ఎప్పుడెప్పుడు మార్చాలో రాసిచ్చారు. వేరే చోటికి వెళ్లే మాట అక్క ఇప్పుడు ఎత్తడం లేదు. ఇంకో రెండు సంగతులు. పాలకొల్లులో దగ్గరి పెళ్లి ఉంది, "మళ్లీ తినలేవు కదా, ఈ ఒక్కసారికి తిను" అని అందరూ అనేవాళ్లే. అక్క కూడా అదే అంటోంది. రెండోది, ఇన్సూరెన్స్ ఇస్తుందా?

వదినగారు:

"చివరిసారి" అనే మాటే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. పూతరేకులు చివరిసారి, కాజా చివరిసారి, బిర్యానీ చివరిసారి అనుకుంటూ పోతే ఎనిమిది వారాల్లో బరువు పెరిగి కూర్చుంటుంది, షుగరు 9.4 దగ్గరే ఉంటుంది, తేదీ మళ్లీ జరుగుతుంది. పైగా అది నిజం కాదు. కొన్ని నెలలు గడిచాక చాలా తిండ్లు చిన్న కొలతలో తినగలుగుతారు. ఆ మాట అక్కకి డైటీషియన్ నోటితో చెప్పించండి, ఇంట్లోవాళ్లు చెబితే వినిపించదు.

పెళ్లికి వెళ్లనివ్వండి. ఇంట్లో గుడ్లు, పెరుగు తిని బయల్దేరాలి. బంతిలో కూర్చోకుండా వడ్డన దగ్గరో, పెళ్లికూతురి దగ్గరో ఏదో పని ఒప్పుకుంటే మంచిది, ఆకు ముందు కూర్చున్నాక మన వైపు వడ్డించేవాళ్లని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆపరేషన్ సంగతి అందరికీ చెప్పక్కర్లేదు. "డాక్టరు మందు కోర్సు పెట్టారు, పథ్యం" అంటే చాలు. మందుకి పథ్యమంటే మనవాళ్లు గౌరవిస్తారు.

ఓపిక ఊరికే రాదు, చేతికి పని ఉండాలి. గట్టి పథ్యం మొదలయ్యేలోపు ఈ ఆరు వారాల్లో నేర్చుకోవాల్సింది తినే పద్ధతి. పెద్ద చెంచా తీసేసి టీ చెంచా పెట్టండి. ముద్ద పేస్టులా అయ్యేదాకా, ఇరవై పైగా నమలాలి. భోజనం ఇరవై నిమిషాలకి తక్కువ కాకూడదు. అన్నంతో నీళ్లు తాగకూడదు, తిన్న అరగంటకి మొదలుపెట్టాలి, అదీ గుటక గుటకగా. సోడా, కూల్‌డ్రింకు వద్దు. స్లీవ్ అయ్యాక జీర్ణాశయం సన్నటి గొట్టంలా ఉంటుంది. మనం అలవాటుగా పెరుగన్నం గబగబా తిని గ్లాసుడు నీళ్లు తాగినట్టు తాగితే నొప్పి, వాంతి. అన్నం ముద్దగా అడ్డుపడటం మొదట్లో చాలామందికి జరుగుతుంది. ఇప్పుడు అలవాటైతే అప్పుడు బాధ ఉండదు.

బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పరగడుపున చూడండి. గట్టి పథ్యం మొదటి వారంలో రెండు మూడు కిలోలు పోవచ్చు, అందులో చాలా వరకు నీరే. రెండో వారం ముల్లు కదలకపోతే పథ్యం పని చేయలేదని కాదు. నడక పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది, భోజనం తరవాత పది. మోకాళ్లు నొప్పి కాబట్టి చెరువుగట్ల మీద వద్దు, చదునైన రోడ్డు మీద.

ఇన్సూరెన్స్‌కి, మీ అక్కగారి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 42.7. ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 గానీ, తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 గానీ ఉండి, డాక్టరు సలహా మీద, మామూలు పద్ధతులు ఫలించక చేసే ఆపరేషన్ ఊబకాయం మినహాయింపు కిందికి రాదు. కానీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉంటే అది పూర్తయి ఉండాలి, ఆ పేజీ చదవండి. ఎత్తు, బరువు డాక్టరు రాసిన చీటీలు, షుగరు రిపోర్టులు, స్లీప్ స్టడీ, ఇంతకుముందు పాటించిన డైటు వివరం ఒకే ఫైలులో పెట్టండి. ముందస్తు అనుమతి పథ్యం మొదలుపెట్టకముందే తెచ్చుకోండి, పథ్యం మధ్యలో తేదీ జరిగితే మనిషి కుంగిపోతారు.

పెసరకట్టు:

తేదీ అలా జరిగితే గట్టి పథ్యం పొడిగించొద్దు, డాక్టరుని అడిగి మామూలు తిండికి వచ్చి, కొత్త తేదీకి రెండు వారాల ముందు మళ్లీ మొదలుపెట్టాలి. కొబ్బరినీళ్ల గురించి ఇంకో మాట, వాటిలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచుతుంది. మూత్రపిండాలు కొంచెం బలహీనంగా ఉన్నా రోజూ రెండు బొండాలు మంచిది కాదు.

విటమిన్ డి, బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూశారా? లోటుంటే ఇప్పుడే నింపుకోవాలి, ఆపరేషన్ తరవాత తిండి తగ్గి నింపడం కష్టమవుతుంది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయేమో కూడా రిపోర్టు తీసి చూడండి. బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్లు ఏర్పడతాయి, ఉన్నవి ఇబ్బంది పెడతాయి.

వదినగారు:

మీ పేరు చూసి అడుగుతున్నాను, మీది లంక గ్రామమా? కొత్త తేదీ జూలై, సెప్టెంబరు మధ్య పడితే వరద లెక్క చూసుకోండి. కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు. కుట్టు దగ్గర లీకైతే ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. నాడి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, మనిషి ఊరికే కంగారు పడుతుండటం, వీటిలో ఏది కనపడినా గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. కాబట్టి ఆ రెండు వారాలు కాకినాడలోనో రాజమండ్రిలోనో, ఆపరేషన్ చేసిన ఊళ్లోనే గది గానీ చుట్టాల ఇల్లు గానీ ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.