నడివయసులో ఎదురైన పాత పరిచయం: దాన్ని నమ్మి కాపురం గురించి తేల్చుకోవచ్చా?

తోటవీధి
పరిస్థితి ఇది. భార్యకు 44, భర్తకు 49. పెళ్లయి 22 ఏళ్ళు. ఇంటర్ రెండో ఏడాది చదివే కూతురు. ఇంట్లో తాగుడు లేదు, కొట్లాట లేదు. మాటే లేదు. "గ్యాస్ బుక్ చేశావా", "అమ్మకి బీపీ మాత్రలు అయిపోయాయి" లాంటివి తీసేస్తే రోజంతటికీ నాలుగు మాటలుండవు. బంధువుల పెళ్లిలో భోజనాల బంతిలో, కాలేజీలో తనతో చదివినవాడు పక్కనే కూర్చున్నాడు. "నువ్వు బొమ్మలు వేసేదానివి కదా, ఇప్పుడూ వేస్తున్నావా?" అని అడిగాడు. ఆ రాత్రి నుంచి ఆమెకు తన కాపురం మీదే సందేహం మొదలైంది. నెల రోజులుగా వాట్సాప్‌లో మాటలు నడుస్తున్నాయి.

ప్రశ్నలు రెండు. ఆ సందేహాన్ని నమ్మవచ్చా? ఈ సంగతి భర్తకు చెప్పాలా? వృత్తిరీత్యా తెలిసినవాళ్ళు పనికొచ్చే వివరం చెప్పండి. సొంత కథలు వద్దు.

కౌన్సెలర్_గుంటూరు
సందేహాన్ని నమ్మవచ్చు. పోలికను నమ్మకూడదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చాలామంది దెబ్బతింటారు.

బంతిలో గంటసేపు కూర్చున్న మనిషికి ఈఎంఐ లేదు, అత్తగారి మోకాళ్ళ నొప్పి లేదు, రాత్రి రెండింటికి కూతురికి వచ్చిన జ్వరం లేదు. భర్తను ఆ గంటతో పోల్చితే ఏ భర్తా నిలవడు. అలాగని ఆ గంట అబద్ధమూ కాదు. ఆమెలో ఏది ఎండిపోయిందో అది చూపించింది. అందుకే ముందు చేయాల్సిన పని అతనితో మాటలు ఆపడం. 90 రోజులు. తగ్గించడం కాదు, ఆపడం. "గుడ్ మార్నింగ్ ఒక్కటే" అని ఉంచుకుంటే రోజంతా దానికోసమే ఎదురుచూపు, లెక్క తప్పుతుంది.

ఆ 90 రోజుల్లో ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. అందులో భర్త తప్పుల జాబితా రాయకూడదు. అది రాయడం మొదలుపెడితే రెండు రోజుల్లో 40 పేజీలు నిండుతాయి, తేలేదేమీ ఉండదు. ఆ బంతిలో తనకు దొరికినదేమిటో రాయాలి: ఒకరు ప్రశ్న అడిగారు, జవాబు చివరిదాకా విన్నారు, తన పాత ఇష్టం గుర్తుపెట్టుకున్నారు. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు. ఇది మా కాపురంలో ఎప్పుడైనా ఉందా? ఉంటే ఏ ఏడాది ఆగింది? నాకు ఇది కావాలని నోరు తెరిచి ఎన్నిసార్లు అడిగాను?

ఈ మూడింట్లో రెండో ప్రశ్నే కీలకం. ఆగిన ఏడాది ఒక ప్రసవం దగ్గరో, బదిలీ దగ్గరో, మామగారి పక్షవాతం దగ్గరో తేలితే బాగుపడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆగడానికి కారణం మనిషి కాదు, మీద పడిన బరువు. మొదటి రోజు నుంచీ లేదని తేలితే దారి వేరు.

ఇంకో మాట. విడిపోదామా అని ఒకరు గడప బయట కాలు పెట్టినప్పుడు మామూలు దంపతుల కౌన్సెలింగ్ పనిచేయదు. ఇచ్చిన హోంవర్కు ఆ మనిషి చేయరు, మూడో వారానికి "కౌన్సెలింగూ అయింది, లాభం లేదు" అంటారు. ఇలాంటి జంటల కోసమే మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన బిల్ డోహర్టీ ఒక పద్ధతి రూపొందించాడు. మొత్తం అయిదు విడతలకు మించదు. ఎక్కువ సేపు ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. తేల్చాల్సింది కాపురం బాగుచేయడం కాదు, మూడు దారుల్లో ఏదన్నదే: ఉన్నది ఉన్నట్టు సాగడం, విడిపోవడం, లేదా విడాకుల మాట పక్కనపెట్టి ఆరు నెలలు ఇద్దరూ గట్టిగా ప్రయత్నించడం.

భర్తకు చెప్పాలి. దాచి చేసే ప్రయత్నం పునాది లేని గోడ.

నల్లకోటు
90 రోజుల మాట ఒప్పుకుంటాను. చెప్పే విషయంలోనే కౌన్సెలర్ గారితో పేచీ. మీ గదిలో చెప్పిన మాట రేపు కౌంటర్ అఫిడవిట్‌లో, అంటే కోర్టులో అవతలివారు వేసే జవాబులో, పేరాగా మారుతుంది.

పరాయి సంబంధం ఇప్పుడు నేరం కాదు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న జోసఫ్ షైన్ కేసులో కొట్టేసింది. కానీ 1955 హిందూ వివాహ చట్టం 13(1)(i) కింద విడాకులకు అది ఇప్పటికీ కారణమే. ఆ క్లాజుకు శారీరక సంబంధం రుజువు కావాలి, వాట్సాప్ మాటలు చాలవు. అయితే అవే మాటలను క్రూరత్వం కింద, 13(1)(ia)లో పెడతారు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను కూడా వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. "మా మధ్య ఏమీ లేదు, చదువుకో" అని స్క్రీన్‌షాట్లు తానే పంపే అమాయకులు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి.

రెండోది భరణం. పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. భార్య వ్యభిచార జీవితం గడుపుతుంటే ఆ సెక్షన్ కింద భరణం రాదు. ఒకసారి జరిగిన తప్పుకు, కొనసాగే సంబంధానికి కోర్టులు తేడా చూస్తాయి కానీ, ఆరోపణ పడ్డాక ఆ తేడా నిరూపించడానికే ఏళ్ళు పడుతుంది. పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్నా ఈ సెక్షన్ కింద రాదన్న సంగతి చాలామందికి తెలియదు. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల దారి వేరు, అది మూసుకుపోదు.

ఇక విడిపోవడమే అయితే. "సుఖంగా లేను" అన్నది మన చట్టంలో కారణం కాదు. కోలుకోలేనంతగా చెడిన పెళ్లిని రద్దు చేసే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఫ్యామిలీ కోర్టుకు అది లేదు. కాబట్టి ఇలాంటి మాటల్లేని కాపురానికి మిగిలేది హిందూ వివాహ చట్టం 13బి, అంటే ఇద్దరి ఒప్పందంతో విడాకులు. పిటిషన్ వేసేనాటికి ఏడాది వేరుగా ఉండి ఉండాలి. వేసిన ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు రెండో మోషన్, అంటే ఇద్దరూ మళ్ళీ కోర్టును విడాకులు అడగడం. ఏడాదిన్నర వేరుగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పారు. "వేరుగా" అంటే వేరే ఇల్లే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద భార్యాభర్తలుగా లేకపోయినా చాలునని 1991 సురేష్ఠా దేవి తీర్పు. డిక్రీ (కోర్టు విడాకుల ఉత్తర్వు) వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కు తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. భర్తకు కోపం వస్తే మొత్తం ఆగిపోయేది ఇక్కడే.

ఊళ్ళో పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకుల మీద ఆధారపడవద్దు. కులాచారం ప్రకారం విడాకులు ఉన్నాయని రుజువు చేయగలిగితే తప్ప అవి చెల్లవు. ఆ కాగితం నమ్మి మళ్ళీ పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82 కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. కోర్టు డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు 90 రోజులు ఆగాలి.

డాక్టరమ్మ
ఇద్దరూ మనసు గురించీ చట్టం గురించీ చెప్పారు. ఒంటి సంగతి ఎవరూ అడగలేదు. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46 దగ్గర. అంతకు ముందు కొన్నేళ్ళు నిద్ర పట్టకపోవడం, ఒళ్ళు వేడెక్కడం, కారణం లేని ఏడుపు, చిరాకు మామూలే. 44లో "ఈ జీవితం నాది కాదు" అనిపించడం కాపురం వల్లే కావచ్చు, కాకపోనూ వచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, షుగర్ ఒక్కసారి చూపించుకోండి. థైరాయిడ్ తగ్గితే వచ్చే నీరసం, నిరాసక్తత అచ్చం విసిగిపోయిన కాపురంలాగే ఉంటాయి.

డిప్రెషన్ ఉందేమో చూసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకు పైన గానీ వస్తే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న బతకాలనిపించకపోవడం గురించి. దానికి "అప్పుడప్పుడు" అని వచ్చినా మొత్తం ఎంతో చూడకుండా వెంటనే మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేస్తే తెలుగులో, డబ్బు లేకుండా మాట్లాడతారు.

ఆ భర్తను కూడా పరీక్ష చేయించండి. 49 ఏళ్ళ మగవాడు మూగగా ఉంటే అందరూ పొగరంటారు. మగవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా రాదు, మౌనంగానూ విసుగుగానూ వస్తుంది. గురక పెట్టి పగలు తూలేవాడికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. పిలిస్తే పలకనివాడికి చెవి మందగించి ఉండవచ్చు.

వాకిలి
మహిళల కేసుల్లో సాయం చేసే పని మాది. "నోరు తెరిచి ఎన్నిసార్లు అడిగాను" అన్న ప్రశ్న నాకు మింగుడు పడలేదు. అడిగితే వెటకారం, అడక్కపోతే "చెప్పలేదుగా" అనే ఇళ్ళు లేవా? నోటుబుక్కులో మరో గడి కావాలి: అడిగినప్పుడు ఏం జవాబు వచ్చింది?

90 రోజులు ఆగమనేది భయం లేని ఇంటికే చెల్లుతుంది. ఫోన్ లాక్కోవడం, జీతం కార్డు దగ్గర పెట్టుకోవడం, గది బయట గడియ వేయడం ఉంటే ఆగకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. 2005 గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద విడాకులు అడక్కుండానే రక్షణ, నివాసం, డబ్బు కోరవచ్చు. 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉంటుంది. అలాంటి భర్తకు "నాకొకరు తటస్థపడ్డారు" అని చెప్పడం ప్రమాదం.

కౌన్సెలర్_గుంటూరు
ఆ గడి లేకపోవడం లోపమే, ఒప్పుకుంటున్నాను. భయం ఉన్నచోట చెప్పకూడదు, జంటను కలిపి కూర్చోబెట్టనూ కూడదు. తోటవీధి గారు చెప్పిన ఇల్లు అలాంటిది కాదన్న లెక్కలోనే రాశాను.

పద్దుపుస్తకం
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందని చాలామంది నమ్ముతారు. హిందూ వివాహ చట్టంలో అలాంటి సగం వాటా లేదు. తన పేరున ఉన్నది, జాయింటుగా ఉన్నదానిలో తన వంతు, స్త్రీధనం, కోర్టు నిర్ణయించే భరణం, ఇవే. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం స్త్రీధనమే, లాకరు ఎవరి పేరున ఉన్నా సరే. అందుకే దాని ఫొటోలు, బిల్లులు ముందే ఉండాలి.

గృహరుణంలో సహ రుణగ్రహీతగా సంతకం ఉంటే డిక్రీ వచ్చినా బ్యాంకు వదలదు. ఆయన కట్టకపోతే ఈమె సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు ఇచ్చే మార్కు) పడిపోతుంది. ఒప్పందంలో "రుణం ఆయనే కడతాడు" అని రాసుకుంటే చాలదు, బ్యాంకు ఆమె పేరు తీసేసినట్టు కాగితం ఇవ్వాలి. ఆరోగ్య బీమా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) అయితే భార్యగా ఆమె అందులోంచి పోతుంది. 44 ఏళ్ళకు కొత్త పాలసీ అంటే పాత జబ్బులకు మళ్ళీ వెయిటింగ్ పీరియడ్ పడే అవకాశం ఉంది. వేరే పాలసీ ముందు తీసుకోవాలి.

ఖర్చు ఒక నెలది కాదు, 12 నెలలది రాయండి. ఫీజులు, ప్రీమియాలు, పండగలు ఏడాదికొకసారి వచ్చేవే లెక్క తప్పిస్తాయి. 2020 రజనేష్, నేహా తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ ఇవ్వాలి కాబట్టి ఈ లెక్క వృథా పోదు.

నల్లకోటు
కౌన్సెలర్ గారు, సూటిగా అడుగుతున్నాను. ఈ ఇంట్లో భయం లేదనే అనుకుందాం. భర్తకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి?

కౌన్సెలర్_గుంటూరు
నోటితోనే, రాతలో కాదు. మీరు భయపడేది అందువల్లే కదా. అతనితో మాటలు ఆపేశాకే చెప్పాలి, నడుస్తుండగా చెబితే అది బెదిరింపు అవుతుంది. కూతురి పరీక్షలు అయ్యాక, ఆ పిల్ల ఇంట్లో లేని పూట. ముందు తనకు ఏం తక్కువైందో, తర్వాత ఏం జరిగిందో, ఆఖర్న ఏం కావాలో. "చాలా ఏళ్ళుగా మనిద్దరం మాట్లాడుకోవడం లేదు, నాకు కష్టంగా ఉంది. ఈ మధ్య ఒకరితో మాట్లాడితే ఆ కష్టం ఎంతో తెలిసింది, ఆ మాటలు ఆపేశాను. ఇద్దరం కలిసి ఒకరి దగ్గరకు వెళ్ళి మాట్లాడదాం, వస్తారా?" అంతవరకే. ఎవరని అడిగితే అబద్ధం చెప్పకూడదు, కానీ ఫోన్ చేతికివ్వనక్కర్లేదు.

నల్లకోటు
రెండో వాక్యం నా క్లయింటు చేత నేను చెప్పించను. మొదటిదీ మూడోదీ చాలు.

కౌన్సెలర్_గుంటూరు
రెండోది లేకుండా వచ్చిన జంట మూడో విడతలో ఆగిపోతుంది. ఆయనకు ఎక్కడో ఒకచోట తెలుస్తుంది, అప్పటిదాకా జరిగిన ప్రయత్నమంతా నాటకంలా కనిపిస్తుంది.

వాకిలి
ఆ రెండో వాక్యం చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. కానీ మీ ఇద్దరి మాటలూ విన్నాకే చెప్పాలి. 90 రోజులు ఉన్నాయిగా, మొదటి వారంలోనే ఒకసారి వకీలును, ఒకసారి కౌన్సెలర్‌ను విడివిడిగా కలవమనండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సలహా దొరుకుతుంది. బొమ్మల రంగులు మాత్రం ఈ వారమే కొనుక్కోమని చెప్పండి, దానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు.