పాత ప్రోగ్రామును కొత్త సర్వర్లలోకి మార్చేటప్పుడు ఏమి సరిచూడాలి?

ప్రశ్న:
మా సంస్థలో ఏళ్ల తరబడి పేచీ లేకుండా నడుస్తున్న లెక్కల ప్రోగ్రామును కొత్త సర్వర్లలోకి మారుస్తున్నాము. ఇన్నేళ్లు నడిచినదాన్ని మళ్లీ పరీక్షించడం దేనికని పై అధికారులు అడుగుతున్నారు. రాకెట్లు, వంతెనల వైఫల్యాల నుంచి ఈ విషయంలో నేర్చుకోదగినది ఏమైనా ఉందా?

సమాధానం 1:
1996 జూన్ 4న తొలి ప్రయాణంలోనే పేలిపోయిన ఏరియన్ 5 రాకెట్ సంగతి వారికి చెప్పండి. దాని గమనాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అక్కడ అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. కొత్త రాకెట్ పయనించే తీరు వేరు కావడంతో నేలకు సమాంతరంగా ఉండే వేగానికి సంబంధించిన ఒక విలువ బాగా పెరిగి, 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట ఇమడక ఆ కంప్యూటరు ఆగిపోయింది. అదనపు రక్షణగా పెట్టిన రెండో కంప్యూటరులోనూ అదే ప్రోగ్రాము ఉన్నందువల్ల అదీ అదే కారణంతో ఆగిపోయింది. ఇంతకన్నా బాధాకరమైన విషయం, ఆ లెక్క చేస్తున్న భాగంతో నేల విడిచాక ఏరియన్ 5కు అవసరమే లేకపోవడం.

సమాధానం 2:
థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రాన్నీ చూడండి. దానికి ముందు వచ్చిన థెరాక్-20 ప్రోగ్రాములోనూ తప్పులుండేవి, కానీ విడిగా అమర్చిన రక్షణ పరికరాలు ప్రమాదాన్ని ఆపేవి. కొత్త యంత్రంలో వాటిని తొలగించి ఆ భారాన్ని ప్రోగ్రాముపైనే మోపారు. 1985-87 మధ్య ఆరుగురు రోగులు మోతాదును ఎన్నో రెట్లు మించిన రేడియేషన్‌కు గురయ్యారు. మీ పాత సర్వరులో పనులు ఒకదాని తర్వాత ఒకటిగా జరిగి, కొత్తదానిలో ఒకేసారి జరిగేటట్లయితే, ఆ పాత నెమ్మదే ఇంతకాలం ఏదో తప్పును కప్పి ఉంచిందేమో తప్పక చూడండి.

సమాధానం 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తాను గాని, ఒక తేడాను మరువకూడదు. కెనడాలో 1907లో కూలి 75 మందిని బలిగొన్న క్విబెక్ వంతెన విషయంలోనూ రెండు ప్రధాన స్తంభాల మధ్య దూరాన్ని 1,600 అడుగుల నుంచి 1,800కు పెంచినా బరువు లెక్కలను సకాలంలో సవరించలేదు. అయితే అక్కడ ఉక్కు భాగాలు వంగుతున్నట్లు కూలిపోవడానికి ముందే కొలతల్లో కనబడింది. ప్రోగ్రాములో అటువంటి ముందస్తు సూచన సాధారణంగా ఉండదు. హద్దు దాటేవరకు ప్రతి లెక్కా సరిగ్గానే వస్తుంది. అందువల్ల అన్నిటినీ మొదటి నుంచి పరీక్షించడం కుదరకపోయినా, ప్రతి విలువకూ గరిష్ఠ పరిమితి ఎంతో రాసుకొని, సంవత్సరాంతపు లెక్కలు ముగిసేవరకు పాత, కొత్త వ్యవస్థలను ఒకే సమాచారంతో పక్కపక్కనే నడిపి ఫలితాలను పోల్చమని నా సలహా.