‘సవరణ’ అంటే తప్పు ఒప్పుకోవడమేనా?

ప్రశ్న: అమెరికా, కెనడా ప్రభుత్వాలు ఇచ్చే గణాంకాలు ఎంత నమ్మదగ్గవో పోలుస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను. అమెరికాలో ఉద్యోగాల లెక్క ముందు ఒకటి చెప్పి, తర్వాతి రెండు నెలల్లో మార్చి చెప్తారు. ఆ ‘రివిజన్’కి ‘సవరణ’ అని రాశాను. చదివిన ఇద్దరూ “అంటే ముందు తప్పు చెప్పారన్నమాట” అన్నారు. తప్పు మాటదా, నాదా?

– మీదీ కాదు, మాటదీ కాదండీ. పత్రికలది. నిన్నటి అచ్చుతప్పుకి ఇవాళ ఓ మూల వేసే చిన్న పెట్టెకి ‘సవరణ’ అని పేరు పెట్టారు, అర్థం అక్కడికి కుంచించుకుపోయింది. గాయకుడు గొంతు సవరించుకునేది గొంతు చెడిపోయి కాదుగా! కుచ్చిళ్లు సవరించుకోవడమూ అంతే. (సవరం సంగతి వేరు. లెక్కలకి సవరం పెట్టే ప్రభుత్వాలూ ఉంటాయి లెండి.)

– ‘దిద్దుబాటు’ అంటే?

– అది ఇంకా ప్రమాదం. బొట్టు దిద్దడంలో, అక్షరాలు దిద్దడంలో తప్పేమీ లేదు గానీ, ‘దిద్దుబాటు’ అనేసరికి ఎర్ర సిరా కనిపిస్తుంది.

– ఈ మాట తేడా చిన్నది కాదు. 2025 ఆగస్టు 1న అమెరికా కార్మిక గణాంకాల సంస్థ మే, జూన్‌లలో కొత్తగా పెరిగాయని చెప్పిన ఉద్యోగాల అంకెల్ని, రెండు నెలలకీ కలిపి 2,58,000 తగ్గించి చెప్పింది. అదే రోజు అధ్యక్షుడు ట్రంప్ ఆ సంస్థ కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ని తీసేశారు. కానీ మే అంకె నడక చూడండి: మొదట 1,39,000, తర్వాత 1,44,000, చివరికి 19,000. మధ్యలో పెరిగింది కూడా! ఎందరు పనిచేస్తున్నారని అడిగితే గడువులోగా కొన్ని యాజమాన్యాలే జవాబిస్తాయి, మిగతా జవాబులు వచ్చేకొద్దీ అంకె మారుతుంది. కెనడాలో జీతాల పట్టీల నుంచి తీసే ఇలాంటి లెక్క దాదాపు రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. నెల తిరగ్గానే వాళ్లు చెప్పేది కుటుంబాలని అడిగి చేసిన సర్వే. తొందరగా చెప్పి మార్చుకోవడమా, ఆగి చెప్పడమా అన్నదే తేడా. నాకైతే మొదటిదే నచ్చుతుంది, మార్చామని దాచకుండా చెప్తే.

– అయితే మారని లెక్కే మేలనుకోకండి. 2011లో కెనడా జనగణనలోని పెద్ద ప్రశ్నావళి తప్పనిసరి కాకుండా, ఇష్టమైతేనే నింపమన్నారు. ఆ నిర్ణయం మీదే ప్రధాన గణాంకాధికారి మునీర్ షేక్ 2010లో రాజీనామా చేశారు. జవాబిచ్చినవాళ్లు 68.6 శాతం. వెయ్యికి పైగా చిన్న ప్రాంతాల లెక్కలు నాణ్యత చాలక ప్రచురించనే లేదు. తప్పనిసరి చేశాక, 2016లో 97.8 శాతం. అడగనివాళ్ల సంగతి తర్వాత అడగొచ్చు గానీ, చెప్పనన్నవాళ్ల సంగతి ఏ సవరణతో తెలుస్తుంది? ‘సవరణ’ని తప్పుతో ముడిపెడితే, ఇలా సవరించడానికి వీల్లేని తప్పులే మంచి లెక్కల్లా కనిపిస్తాయి.

– మనకి ‘తొలి, మలి, తుది’ ఉన్నాయిగా. తొలి అంచనా, మలి అంచనా, తుది అంచనా అనేస్తే ఎవరూ తప్పు పట్టరు. అమెరికా వాళ్లవీ సరిగ్గా మూడే.

– భలే! కానీ ఆ మూడోది తుది కాదు సార్. ఏడాదికోసారి నిరుద్యోగ బీమా రికార్డులతో సరిచూసి మళ్లీ మారుస్తారు.

ప్రశ్న వేసినవారు: అందరికీ థాంక్స్. తొలి, మలి తీసుకుంటున్నాను, ‘తుది’ బదులు ‘మూడో అంచనా’ అని రాస్తాను. ఏడాదికోసారి చేసే పనికి ‘సరిచూపు’ అందామనుకుంటున్నా. ‘సవరణ’ని పూర్తిగా వదలను, మొదటిసారి వాడిన చోట గొంతు సవరించుకోవడం గురించి ఒక వాక్యం పెడతాను.

– ‘సరిచూపు’ బాగుంది. కళ్ల డాక్టరు బోర్డులా ఉందనుకోండి, అయినా బాగుంది.