హెచ్‌ఆర్ ఉద్యోగానికి బెంగళూరా, చెన్నైయా?

అందరికీ నమస్కారం. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్‌ఆర్‌ఎం (హెచ్‌ఆర్‌లో పీజీ) చేశాను. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో నాలుగేళ్లుగా ప్లాంట్ హెచ్‌ఆర్. కాంట్రాక్టు కార్మికుల రికార్డులు, పీఎఫ్, ఈఎస్ఐ, షిఫ్టు గొడవలు అన్నీ చూశాను. మావారికి మహదేవపురలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల బెంగళూరు వస్తున్నాం. నాకు చెన్నై దగ్గర ఒరగడం నుంచి కూడా ఒక పిలుపు ఉంది. ఏది మంచిది? కన్నడం, తమిళం రెండూ రావు.

మారతహళ్ళి నుంచి:
రండమ్మా, బెంగళూరే. విదేశీ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులు, అదే జీసీసీలు, దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఇక్కడే. అయితే ఒక్క మాట. ఇక్కడ హెచ్‌ఆర్ ఉద్యోగం అని పిలిచేవాళ్లలో చాలామంది మీకిచ్చేది రిక్రూటర్ పనే, అంటే కొత్తవాళ్లను వెతికి చేర్చే పని. నియామకాలు తగ్గిన ఏడాది ముందు ఇంటికి పంపేది రిక్రూటర్లనే. నాలుగేళ్ల ప్లాంట్ అనుభవం పెట్టుకుని అటు దిగకండి. ఫార్మాకైతే బొమ్మసంద్ర, జిగణి. కానీ మహదేవపుర నుంచి రోజూ సిల్క్ బోర్డు దాటాలంటే ప్రాణం పోతుంది. బిడది ఇంకా దూరం. మీకు కలిసొచ్చేది హోసకోటె, నరసాపుర వైపు. కె.ఆర్.పురం దాటితే పాత మద్రాసు రోడ్డు మీద నేరుగా వెళ్లిపోవచ్చు. ఫ్యాక్టరీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కున్నాకే ఇల్లు తీసుకోండి.

వేళచ్చేరి నుంచి:
మా ఊరిని అంత తేలిగ్గా తీసెయ్యకండి సార్. ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరంబుదూరు, ఒరగడం, మరైమలై నగర్: ఇంత ఫ్యాక్టరీ బెల్టు బెంగళూరుకు ఎక్కడుంది? కార్మిక సంబంధాల పని నేర్చుకోవాలంటే చెన్నైయే. 2024లో శాంసంగ్ కార్మికులు యూనియన్ గుర్తింపు కోసం నెలకు పైగా సమ్మె చేశారు. అలాంటప్పుడు కార్మికుల ఎదుట కూర్చుని మాట్లాడగలిగిన హెచ్‌ఆర్‌కు విలువ. కానీ తమిళం రాకపోతే ఆ కుర్చీ మీకివ్వరు. ఇక్కడ మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చదివిన పిల్లలు మీతో పోటీ, వాళ్లకు భాష, పరిచయాలు రెండూ ఉన్నాయి. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను: తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడ మన ఆంధ్రాలోదే. అక్కడ తెలుగు మీకు బలం. చెన్నైలో ఉంటూ రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు.

బీటీఎం నుంచి:
తల్లీ, ఏ ఊరని అడుగుతున్నావు గానీ, ఎవరి పేరోల్ మీద అని అడగడం లేదు. నేను పెద్ద కంపెనీ ఆఫీసులోనే కూర్చునేదాన్ని, ఐడీ కార్డు కూడా వాళ్లదే. ఆఫర్ లెటర్ మాత్రం ఒక స్టాఫింగ్ సంస్థది, అంటే వేరే కంపెనీలకు మనుషుల్ని పంపే సంస్థది. ప్రతి నెలా పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనబడేది. ఇంటి లోన్ కోసం యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తీస్తే చాలా నెలల జమే లేదు. ఫోన్ చేస్తే సర్వర్ సమస్య అన్నారు, తర్వాత క్లయింట్, అంటే ఆ పెద్ద కంపెనీ, డబ్బు ఇవ్వలేదన్నారు, తర్వాత ఆ మేనేజరే మానేశాడన్నారు. క్లయింట్ హెచ్‌ఆర్‌ను అడిగితే “మీరు మా ఉద్యోగి కాదు” అంది. ఆవిడతో రోజూ కలిసి అన్నం తినేదాన్ని, ఆ మాటకు చాలా బాధపడ్డాను. చివరికి పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేసి పీఎఫ్ ఆఫీసువాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టాక కదిలారు. ఏ నెల పీఎఫ్ అయినా మరుసటి నెల 15లోగా కట్టాలి. ఉద్యోగి వాటా కోసుకుని కట్టకపోతే అది నమ్మకద్రోహం, క్రిమినల్ కేసు పెట్టొచ్చు. నువ్వు హెచ్‌ఆర్‌వి, ఇవన్నీ నీకు తెలుసు. పక్కవాళ్ల పీఎఫ్ చూసే మనం మనది చూసుకోం, అదే నా బాధ. మొదటి జీతం వచ్చిన మరుసటి నెలే పాస్‌బుక్ తెరువు.

పీణ్య నుంచి:
భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 500 మంది దాటిన ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి, వాళ్లకు కార్మికుల భాష రావాలి.

వేళచ్చేరి నుంచి:
500 పాత ఫ్యాక్టరీల చట్టంలోది సార్. కొత్త కార్మిక చట్టాలు, అదే లేబర్ కోడ్‌లు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ఇప్పుడది 250. అంటే ఈ పోస్టులు పెరగాలి. ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో జీతం కూడా రెండు పని దినాల్లో ఇచ్చెయ్యాలి.

పీణ్య నుంచి:
కాగితం మీద ఉంటుందండీ. ఇక్కడ చిన్న యూనిట్లు ఇంకా నలభై ఐదు రోజులే అంటున్నాయి.

మారతహళ్ళి నుంచి:
అందుకేగా ఆ కోడ్‌లు చదివినవాళ్లను వెతుకుతున్నారు! ఇంకోటి, కన్నడం రాకపోతే ఇక్కడ ఉద్యోగమే రాదని ఈ అమ్మాయిని భయపెట్టకండి. 2024 జూలైలో స్థానికుల కోటా బిల్లును కేబినెట్ ఆమోదించి, పరిశ్రమలవాళ్లు గోల పెట్టాక పక్కన పెట్టేశారు.

పీణ్య నుంచి:
చట్టం కోసం కాదండీ నేనన్నది. చెయ్యి నలిగిన కుర్రాడు ఆస్పత్రి మంచం మీద కన్నడంలోనే ఏడుస్తాడు. పక్కన కూర్చునే హెచ్‌ఆర్‌కు ఆ భాష అర్థం కావాలి. తెలుగువాళ్లకు లిపి తేలికే, వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టమ్మా.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. ఒరగడం వాళ్లను అడిగాను, ఆఫర్ కాంట్రాక్టు సంస్థ పేరు మీదేనట. వద్దని చెప్పేశాను. నరసాపుర వైపు బస్సులు మహదేవపురలో ఏ స్టాపు నుంచి ఎక్కాలో తెలిసినవాళ్లు చెప్పగలరా? ఈ ఆదివారమే ఇల్లు చూడటానికి వస్తున్నాం.