అప్‌డేట్: ఎలినార్ గురించి నేను అనుకున్నది తప్పు

పోయిన నెల ఒక ప్రశ్న అడిగాను. జేన్ ఆస్టెన్ 1811 నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో చెల్లెలు మేరియన్ ప్రేమ కోసం ప్రాణం పెడుతుంది, అక్క ఎలినార్ మాత్రం ఎడ్వర్డ్ గురించి పెదవి విప్పదు. ఆమెది అసలు ప్రేమేనా అని. మళ్ళీ చదవమన్నారు, చదివాను.

ఆమె ఏడవదని రాశాను కదా, ఏడుస్తుంది. మేరియన్ ప్రేమించిన విలోబీ ఆమె ఉత్తరాలు తిప్పి పంపిన రోజు మంచం మీద చెల్లెలి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, దాదాపు ఆమెతో సమానంగా ఏడుస్తుంది. ఎడ్వర్డ్‌తో తనకు పెళ్లి ఖాయమైందని లూసీ అనే అమ్మాయి చెప్పిన రహస్యాన్ని అప్పటికే గుండెల్లో మోస్తోంది. మొత్తం నాలుగు నెలలు మోసింది!

ఇక చివర్లో ఆ కత్తెర సీను. ఎడ్వర్డ్, లూసీ పెళ్లి చేసుకున్నది తనని కాదు, తన తమ్ముణ్ణని చెబుతూ టెన్షన్‌తో కత్తెర తీసి, దాని ఒరనే ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తాడు. ఎలినార్ పరుగులాంటి నడకతో బయటికెళ్లి, తలుపు మూసుకున్నాక ఆనందంతో భోరుమంటుంది. అక్కడ నేనూ ఏడ్చాను.

మేరియన్ పెళ్లి మాత్రం నాకింకా మింగుడు పడలేదు. 35 ఏళ్లవాడికి ప్రేమేమిటన్న పిల్ల 19వ ఏట ఆ బ్రాండన్‌నే చేసుకుంటుంది. అందరూ కలిసి ఒప్పించినట్టే ఉంది. విలోబీకి ఇచ్చినన్ని పేజీలు అతనికీ ఇచ్చి ఉంటే నమ్మేదాన్ని.