పట్టుదలా మొండితనం ఒకటేనా?

ప్రశ్న: ఒక జీవిత చరిత్ర దిద్దుతున్నాను. కథానాయకుడు ఒకచోట 'పట్టుదల గల మనిషి', మరో అధ్యాయంలో 'మొండిమనిషి'. ఏదో ఒకటే ఉంచుదామంటే, రాసినవారు 'అర్థం ఒకటేగా, ఉండనివ్వండి' అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: చేసిన పని ఒకటే, పట్టినది వదలకపోవడం. దాన్ని మెచ్చామా, విసుక్కున్నామా అన్నదే తేడా. పొదుపరి-పిసినారి, మితభాషి-ముంగి, లౌక్యుడు-జిత్తులమారి జంటలూ అంతే. ప్రతి జంటలో మొదటి మాట మనవాళ్లకి, రెండోది గిట్టనివాళ్లకి వాడతాం. 'ఆయన పిసినారి కాదండీ, పొదుపరి' అని వాదించేవాళ్లు కూడా ఆయన ఖర్చు పెట్టడన్న సంగతి కాదనరు. తగువంతా పేరు దగ్గరే.

ఇంకో చిత్రం చూడండి. మంచి మాటకి ముందు 'మరీ' తగిలిస్తే చాలు, రంగు మారిపోతుంది. 'మంచివాడు' మెప్పు. 'మరీ మంచివాడు' అంటే ఎవరైనా మోసం చేయగలరని! 'మరీ నెమ్మదస్తుడు' అన్నా అంతే. నిఘంటువులో ఈ సంగతి దొరకదు.

మరొకరు: ఆ రంగు కాలంతోనూ మారుతుంది. కన్నడంలో 'కంపు' అంటే పరిమళం, మనకేమో ముక్కు మూసుకోవాల్సిన వాసన. 'సాహసం' ఎదురు దిక్కుగా నడిచింది. ధర్మశాస్త్రాల్లో అది బలప్రయోగంతో చేసే నేరాల పేరు, ఇప్పుడు పొగడ్త. ఛందస్సు అంటే వేదం, దాన్ని చదివినవాడు ఛాందసుడు. ఆ మాటలోంచే 'చాదస్తం' పుట్టింది. పాపం, చదువుకున్నందుకు దక్కిన బిరుదు.

ఇంకొకరు: నాకు ఎక్కువ భయం మెచ్చుకోలు వేషం వేసుకున్న మాటలతో. ప్రబుద్ధుడంటే మేలుకొన్నవాడు, జ్ఞాని. కానీ 'ఈ ప్రబుద్ధుడే తలుపు తెరిచిపెట్టి వెళ్లాడు' అన్న వాక్యంలో ఎవరికీ జ్ఞాని కనబడడు. 'ఘన' సంగతి మరీ విచిత్రం. ఘనవిజయం, ఘనస్వాగతం నిజంగానే ఘనమైనవి. 'ఘనకార్యం' అనగానే మాత్రం వెటకారం వినిపిస్తుంది. నివాళి వ్యాసంలో 'ఆయన చేసిన ఘనకార్యాలు' అని చదివితే నవ్వాపుకోవడం కష్టం. 'పుణ్యమా అని' ఇంకా రెండు పడవల మీద ఉంది. 'మీ పుణ్యమా అని ఉద్యోగం దొరికింది' అనీ అంటాం, 'వాడి పుణ్యమా అని రైలు తప్పింది' అనీ అంటాం. ఇక డబ్బు తినేస్తే కైంకర్యం, స్వాహా! దేవుడికి చేసే సేవా, హోమంలో పలికే మాటా అలా తేలాయి.

అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. రచయితతో మళ్లీ మాట్లాడాను. 'పట్టుదల' కథానాయకుడితో కలిసి పనిచేసినవాళ్ల మాటట, 'మొండి' ఇంట్లోవాళ్లదట. అయితే రెండూ ఉండాల్సిందే. ఎవరి మాటో తెలిసేలా 'ఇంట్లోవాళ్ల లెక్కలో మొండిమనిషి' అని మార్చాం. ఇప్పుడు మూడో అధ్యాయంలో 'పంతం' తగిలింది. దీన్ని ఏ వైపు వేద్దాం?

జవాబు: నెగ్గితే పట్టుదల వైపు, నెగ్గకపోతే మొండితనం వైపు అంటాన్నేను. ఆ అధ్యాయం చివర ఏం జరిగిందో చెప్పండి ముందు.